పడవలో పోసిన నారు

హాత్‌ఖావ్ ఊళ్ళో బున్‌లా చెప్పే మాటను ఎవరూ సగానికి మించి నమ్మరు. ఆ సగమైనా నమ్మేది పొరుగూరి వాళ్ళే. నామ్‌ఖాన్ నది మీద పడవ నడిపి బతికినన్నాళ్ళూ జనాన్ని తెడ్డుతో ఎంత దాటించాడో, కోతలతోనూ అంత దాటించాడు. ఓసారి ఓ వాలుగ చేప తన తెడ్డు మింగేసిందట. మర్నాడు అదే రేవుకి వచ్చి, చిత్రిక పట్టినట్టు నున్నగా తేలిన తెడ్డును కక్కి, "ఉప్పు తక్కువైంది" అని వెళ్ళిపోయిందట. చేప మాట్లాడిందా మావా అని ఎవరైనా అడిగితే, "మాట్లాడకపోతే ఉప్పు సంగతి నాకెలా తెలుస్తుందిరా?" అని ఎదురడిగేవాడు.

వంతెన వచ్చాక పడవకు పని పోయింది. అమ్మడానికి మనసొప్పక దాన్ని ఇంటి వెనక నడుమెత్తు గుంజల మీదికి ఎక్కించాడు. అతని భార్య ఒన్‌సీ ఊరుకుందా? అందులో నది ఒండ్రు, చివికిన గేదెపేడ, ఊకబూడిద కలిపి నింపి నారుమడి చేసేసింది. కోళ్ళకు అందదు, మేకలకు అందదు, వరదొచ్చినా మునగదు. "ఇప్పటికీ నా పడవే ఈ ఊరిని గట్టెక్కిస్తోంది. మనుషులు దిగి ఆకుకూరలు ఎక్కాయి, అంతే తేడా" అనేవాడు బున్‌లా.

వానలు వెనకపట్టి నది తగ్గడం మొదలెట్టేసరికి గట్టు కింద కొత్త ఒండ్రు బయటపడుతుంది. అక్కడ ఎవరి మడులు వాళ్ళకుంటాయి. ఆ మడుల్లో నాటే ఆవకూర నారు సగం ఊరికి ఒన్‌సీ పడవలోంచే వెళ్ళేది. ఆమెది చల్లచెయ్యి. ఆ ఊళ్ళో చేతులు రెండే రకాలు. చల్లచేతివాళ్ళు గింజ జల్లితే రాతి మీదైనా మొలుస్తుంది. వేడిచేతివాళ్ళు నీళ్ళు పోసినా నారు కమిలి చస్తుంది. బున్‌లాది వేడిచెయ్యని పెళ్ళైన ఏడాదే తేలిపోయింది. అప్పట్నించీ నారుమడి దగ్గర అతనికి ఒకటే ఉద్యోగం: నీళ్ళు మోసుకురావడం. తెచ్చి దించాలి, ముట్టుకోకుండా పక్కకి తప్పుకోవాలి.

ఆ ఏడు వానలు పోతూ పోతూ ఒన్‌సీని చాపన పడేసి పోయాయి. తిన్నది ఇమడదు, నడుస్తుంటే తూలిపోతుంది. పట్నం ఆస్పత్రిలో చూసి, కొన్ని మాత్రలిచ్చి, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైంది పెట్టమన్నారు. ఆ మాటకు అర్థం బున్‌లాకు తెలుసు. ఒన్‌సీకి తెలుసో తెలియదో అతనికి తెలియదు. ఊరి పెద్దలొచ్చి, జబ్బు మనిషి ఒంట్లోంచి చెదిరిపోతాయని వాళ్ళు నమ్మే ప్రాణాలన్నిటినీ పేరుపేరునా వెనక్కి పిలిచి, ఆమె మణికట్లకు తెల్ల దారాలు కట్టారు. దారాలైతే నిలిచాయి.

అన్నిటికన్నా ఆమెను పట్టుకున్నది చలి. రెండు దుప్పట్లు కప్పినా వణికేది. బున్‌లా ఆమె చాపను వంటింట్లోకి మార్చి పొయ్యి పక్కనే పరిచాడు. అందరిళ్ళల్లో పొయ్యి పూటపూటకే వెలుగుతుంది. ఆ ఇంట్లో మాత్రం పగలూ రాత్రీ మంట ఆరలేదు. అడవికి పోయి కట్టెలు తెచ్చి తెచ్చి బున్‌లా భుజం కాయలు కాసింది.

"నది ఎంతవరకూ తగ్గిందయ్యా?" అని అడిగింది ఒన్‌సీ ఒక పొద్దున.

"మన మడి మీద కొంగలు దిగుతున్నాయి."

"అయితే నారు పొయ్యాలి."

"సెంగ్‌మణికి చెప్తాలే. అది వచ్చి పోస్తుంది."

సెంగ్‌మణి పక్కింటావిడ. ఒన్‌సీని అక్కా అంటుంది, బున్‌లాను బావా అంటుంది, ఇద్దరినీ తిడుతుంది.

"దాని నారు అది పోసుకుంటుంది. నా పడవలో నేనే పొయ్యాలి."

"నీ పడవా? ఎప్పట్నించీ?"

"అదుగో, మొదలెట్టావా. చెక్క నీది, మట్టి నాది. నన్ను లేవదియ్యి ముందు."

పొయ్యి మీది ఉట్టిలోంచి విత్తనాల సొరబుర్ర దించాడు. పొగ తగిలితే పురుగు పట్టదని ఆ ఊళ్ళో అందరి విత్తనాలూ పొయ్యి మీదే వేలాడతాయి. బుర్ర మెడలో వేసుకుని, ఆమెను వీపున ఎక్కించుకుని, గుంజల మీది ఇంటి మెట్లు దిగాడు. బుట్టెడు అరటాకులు మోసినంత బరువు కూడా లేదు. సగం మెట్లు దిగాక ఆమె అతని చెవిలో అంది:

"ఇవి మొలిచాయనుకో, నేనూ లేచినట్టే. మొలవలేదనుకో, చేతిలో చల్లదనం పోయినట్టు. అది పోయాక ఇక మనిషికి ఉండే పనేంటి?"

"మొలవక ఎక్కడికి పోతాయే? ఇంకా పడవ దగ్గరికే రాలేదు, అప్పుడే బుర్రలో సగం మొలిచేశాయి, నా మెడకి వేళ్ళు గుచ్చుకుంటున్నాయి" అన్నాడు బున్‌లా.

పడవ అంచుకి ఆనించి నిలబెట్టాడు. నిలబడింది! ఎన్నాళ్ళకో తన కాళ్ళ మీద తాను నిలబడింది. పడవ పందెంలో గెలిచిన కుర్రాడిలా అతని మొహం వెలిగిపోయింది. ఒన్‌సీ అరచేతిలోకి గింజలు ఒంపుకుంది. చెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకుని కళ్ళు మూసుకుంది. దణ్ణం పెట్టుకుంటోందనుకుని బున్‌లా కూడా చేతులు జోడించాడు. కళ్ళు తెరిచి ఆమె గింజల వంక చూసింది. తర్వాత మొగుడి మొహం వంక చూసింది. ఆ చూపు కాస్త ఎక్కువసేపే నిలిచింది. తర్వాత గింజలు జల్లింది. గింజలు ఎప్పట్లానే ఒక్కచోట కుప్పపడకుండా మడంతా పరుచుకున్నాయి. పైన బూడిద చిలకరించి, గడ్డి కప్పించింది. చీమలు గింజల జోలికి పోకుండా గుంజల దగ్గర నూకలు పోయించింది.

ఆవగింజకు ఓపిక తక్కువ. నాలుగు పొద్దులు తిరక్కముందే తల బయట పెడుతుంది. బున్‌లా గడ్డి ఎత్తి చూశాడు. నల్లటి మట్టి. మర్నాడూ మట్టే. చీమలేమైనా ఎత్తుకుపోయాయా అని పడవ చుట్టూ వంగి వంగి వెతికాడు. నూకలు మోసుకుపోతున్న చీమలు అతన్ని పట్టించుకోలేదు. అప్పుడతను బుర్రలో మిగిలిన గింజల్లో సగం అరటిదొన్నెలో పోసి, తన వేడిచెయ్యి తగలకుండా దొన్నె అంచు పట్టుకుని వంచి, మళ్ళీ జల్లాడు. అవీ రాలేదు. ఆమెను మోసింది నా వీపే కదా, నా వేడే ఆమె చేతికి పాకిందేమో అనుకున్నాడు.

"మొలిచాయా?" అని లోపల్నించి ఒన్‌సీ అడిగింది.

బున్‌లా మెట్ల మీద ఆగిపోయాడు. జీవితమంతా అబద్ధం అతని నోట్లో నీళ్ళలా ఊరేది. ఆ వేళ మొదటిసారి వెతుక్కోవలసి వచ్చింది.

"మొలిచాయా అంటావేంటే? గడ్డి ఎత్తడమే ఆలస్యం, నా ముక్కు మీద పొడిచాయి. ఎంత ఒత్తుగా ఉన్నాయంటే, ఇందాక ఓ చీమ ఈ చివర దూరింది, దారి తెలీక ఆ చివర తేలేసరికి ముసలిదైపోయింది."

ఒన్‌సీ నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. "అంత ఒత్తుగా ఉండకూడదు. పల్చన చెయ్యి. బలహీనంగా ఉన్నవి తీసెయ్యి."

అతను వెళ్ళి బోడి మట్టి ముందు కాసేపు నిలబడి వచ్చాడు.

వంటింటి గోడకు అవతలే పడవ. నీళ్ళు పోస్తే చప్పుడు చాప మీదికి వినిపిస్తుంది. అందుకని బున్‌లా పొద్దునా సాయంత్రం చిల్లుల డబ్బాతో నీళ్ళు పోశాడు. ఒక్క మొలకా లేని మడికి, మొలకలు వంగిపోతాయేమో అన్నంత జాగ్రత్తగా.

"ఏమయ్యా, గట్టిగా పోస్తున్నావ్! వేళ్ళు తేలిపోతాయ్" అని లోపల్నించి కేక.

"సరే సరే" అని డబ్బా కిందికి దించేవాడు.

"ఎండ ముదిరింది, గడ్డి కప్పు."

కప్పేవాడు.

"సాయంత్రం తీసెయ్యి, గాలాడాలి."

తీసేవాడు. నలభై ఏళ్ళు ముట్టుకోనివ్వని మడి ఇప్పుడు అతని చేతికి వచ్చింది. అందులో ఏమీ లేదు.

ఓ మధ్యాహ్నం సెంగ్‌మణి గిన్నెలో చేపల పులుసు పట్టుకుని పెరట్లోంచి వస్తూ పడవలోకి తొంగిచూసింది. "బావా! ఇదేంటి, నిన్న గొరిగించుకున్న గురువుగారి గుండులా ఉంది?"

బున్‌లా ఒక్క అంగలో వచ్చి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. పెరటి చివరికి లాక్కెళ్ళి సంగతంతా చెప్పాడు. సెంగ్‌మణి అంతసేపు నోరు మూసుకుని ఉండటం ఊరెరగదు.

"మా నారు తీసుకెళ్ళు బావా" అంది చివరికి. "నిరుడు అక్కిచ్చిన విత్తనమేగా అది కూడా. పెట్టెయ్, అక్కకేం తెలుస్తుంది?"

"అరువు నారు పెట్టి ఆమె చెయ్యి చల్లగా ఉందని నమ్మించనా?"

"ఇప్పుడేం చేస్తున్నావ్ మరి? అసలు నారే లేకుండా నమ్మిస్తున్నావుగా! నాదైతే కనీసం పచ్చగా ఉంటుంది."

బున్‌లా జవాబు చెప్పే లోపల సెంగ్‌మణి కళ్ళు తుడుచుకుని పులుసు గిన్నెతో మెట్లెక్కేసింది. "ఏమక్కా, నీ నారు చూసి నా నారు సిగ్గుతో తల దించుకుందే!" అని ఆమె గొంతు లోపల్నించి వినిపించింది. బావ పొరుగున ఇన్నేళ్ళున్నందుకు ఆమెకూ కాస్త విద్య అబ్బింది.

రోజులు గడిచాయి. ఒన్‌సీ జిగురన్నం ముద్ద కూడా మింగలేని స్థితికి వచ్చింది. అయినా పొద్దున్నే నారు కబురు చెప్పించుకోకుండా మాత్ర వేసుకునేది కాదు. బున్‌లా చెప్పేవాడు. రెండాకులు నాలుగయ్యాయి. ఓ మొక్క మరీ పొగరుగా ఉంది, నీళ్ళు పోస్తే ముందు నాకే పొయ్యమని పక్కవాటిని నెట్టేస్తోంది. ఇంకోటి నీలాగే, నేను దగ్గరికెళ్తే ఆకు ముడుచుకుంటోంది. మేక ఒకటి వచ్చి గుంజకి ముందు కాళ్ళు ఆనించి చూసి, 'ఇంత అందమైన వాటిని ఎలా తినేది' అని ఏడ్చుకుంటూ పోయింది. ఆమె వింటూ కళ్ళు మూసుకునేది. పెదవులు మాత్రం నవ్వుతూ ఉండేవి.

"ఇక నాటే అదను వచ్చుండాలి" అంది ఒక పొద్దున. "పీకేలోపు ఒక్కసారి చూస్తాను. తీసుకెళ్ళు."

"మంచు పడుతోందే. రేపు చూద్దువుగానిలే."

"రేపటి సంగతి నీకేం తెలుసు?"

బున్‌లా నీళ్ళకని చెప్పి బిందె పట్టుకుని, సెంగ్‌మణి ఇంటికి పరిగెత్తాడు. ఆమె తడి గోనెలో నారు పీకి ఇచ్చింది, తానూ వెంట వచ్చింది. ఒన్‌సీకి చప్పుడు వినపడకుండా ఇద్దరూ పడవకు చెరోవైపు వంగి పుల్లతో గుంతలు చేసి గుచ్చారు. తన చెయ్యి తగిలి నారు చచ్చిపోతుందేమోనని బున్‌లా వేళ్ళ కొసలతోనే పట్టుకున్నాడు. "గట్టిగా నొక్కు బావా, అదేం తేలు కాదు" అని సెంగ్‌మణి గొంతు తగ్గించి కసిరింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మడి పచ్చబడింది. పచ్చబడిందే గానీ, వేరు కదిలిన మొక్కలు కదా, ఆకులు ఒక్కొక్కటే వాలిపోసాగాయి.

సాయంత్రం చల్లబడ్డాక బున్‌లా ఆమెను దుప్పటితో సహా ఎత్తుకుని కిందికి తెచ్చాడు. ఇక వీపున కూర్చోగల బలం ఆమెకు లేదు. పడవ అంచున తన మోకాలి మీద కూర్చోబెట్టుకున్నాడు. సెంగ్‌మణి ఊరకే చీపురు పట్టుకుని దూరంగా ఊడ్చిందే ఊడుస్తూ నిలబడింది.

ఒన్‌సీ నారు వంక చూసింది. ఒక ఆకు కింద వేలు పెట్టి ఎత్తింది. వదిలేస్తే మళ్ళీ వాలింది.

"నేను జల్లాను కదయ్యా" అంది నెమ్మదిగా. "జల్లిన నారు ఇలా వరసలో నిలబడిందేంటి, బడిపిల్లల్లా?"

"నువ్వొస్తున్నావని తెలిసి వరస కట్టాయే. పొద్దుట్నించీ నేను చెప్తూనే ఉన్నా, అమ్మగారొస్తున్నారు, సరిగ్గా నిలబడండ్రా అని..."

ఒన్‌సీ నవ్వింది. చాలాసేపు నవ్వింది, చప్పుడు లేకుండా. తల అతని భుజానికి ఆనించింది.

"ఆ గింజలు ఆ రోజే వేగిపోయిన వాసన వచ్చాయి. చేతిలో పోసుకోగానే తెలిసింది. ఉట్టి కింద అన్నాళ్ళు మంట ఆరకుండా పెడితే గింజ బతుకుతుందా, పిచ్చి మనిషీ?"

సెంగ్‌మణి చేతిలో చీపురు ఆగిపోయింది.

బున్‌లా కళ్ళ ముందు ఉట్టి, మంట, బుర్ర అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. రోజూ తన చేతులతోనే కట్టెలు ఎగదోశాడు. ఆమె అమ్మ కాలం నుంచీ దాచుకొస్తున్న విత్తనం. "తెలిసీ ఎందుకు జల్లావే? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నీ వల్లే పోయాయని మంట ఆర్పేసేవాడివి. నాకేమో చలి." కాస్త ఊపిరి తీసుకుంది. "అదీగాక, నేను నిలబడ్డానని అంత సంబరంగా చూస్తున్నావ్. ఆ మొహం మీద ఏం చెప్పను?"

"మరి నీ చెయ్యి..."

"చచ్చింది గింజ. చెయ్యి సంగతి తేలనే లేదు. తేలకపోవడమే మేలు."

"ఇన్నాళ్ళూ నేను చెప్పినవన్నీ విన్నావ్ కదే. పొగరు మొక్క గురించీ, మేక గురించీ. బోడి మడికి నీళ్ళెలా పొయ్యాలో నాకు నేర్పావు కూడా!"

"నేర్చుకున్నావుగా. మొదట్లో కొట్టినట్టు పోసేవాడివి." ఆమె వాలిన ఆకుల వంక మరోసారి చూసి తల తిప్పుకుంది. "ఈ నారు సెంగ్‌మణిదా? మంచిదే, బతుకుతుంది. కానీ నాకు అదే బాగుంది. నువ్వు చెప్పిందే. దాన్ని నాటేశావా ఇంతకీ?"

బున్‌లా ఆమె మొహంలోకి చూశాడు. అడగడం నిజంగానే అడుగుతోంది.

"రేపు నాటుతా" అన్నాడు.

మర్నాడు చాప పక్కన కూర్చుని నాటాడు. గట్టు దిగడం, ఒండ్రులో కాలు దిగబడటం, ఒక్కో మొక్కా తన చోటు తానే ఎంచుకోవడం, పొగరు మొక్క నీళ్ళకు దగ్గరి చోటు కోసం సెంగ్‌మణి మడిలోకి దూరబోతే తాను చెవి పట్టుకుని లాక్కురావడం, ఏదీ వదల్లేదు. ఆమె మధ్యలో ఒకటి రెండుసార్లు దిద్దింది: అంత దగ్గరగా నాటకు, ఆకు విప్పుకోవాలి. ఆ తర్వాతి రోజు ఆకులు చేటలంతయ్యాయి. ఆ తర్వాత గొడుగులంతయ్యాయి. ఇప్పుడు పొయ్యిలో మంట పైనున్న ఉట్టి ఖాళీగా ఊగుతోంది. బుర్రలో మిగిలిన గింజల్ని బున్‌లా పారెయ్యలేక అలాగే ఒక మూల పెట్టాడు.

ఆకు నీడలో పడవల వాళ్ళంతా చేరి ఎండ తప్పించుకుంటున్నారని చెబుతుండగా, ఆమె దిద్దలేదు. బున్‌లా ఆకు కొసని ఇంకాస్త పెద్దది చేశాడు. అవతలి గట్టు దాకా పెంచాడు. చెప్పి చెప్పి ఆగి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పొయ్యి పక్కనే ఉన్నా, చల్లగా ఉంది.

ఆ ఊళ్ళో మనిషి పోయిన ఇంటిని మంచి ఇల్లు అంటారు. ఆ ఇంటివాళ్ళను ఒంటరిగా వదలరు. పొద్దు వాలగానే జనం చేరి పేకాడతారు, నవ్వుతారు, నవ్విస్తారు. దహనం అయ్యాక కూడా వచ్చారు. బున్‌లా గోడకు ఆనుకుని కూర్చుంటే వచ్చినవాళ్ళే మాట్లాడేవాళ్ళు.

మూడో రోజు పొద్దున సెంగ్‌మణి వచ్చి పడవ దగ్గర నిలబడింది. "బావా, ఈ నారు ముదిరిపోతోంది. ఇవాళ నాటకపోతే ఇక నాటనక్కర్లేదు. ఒక్క ఏడు ఖాళీగా వదిలినా మడి పక్కవాళ్ళదైపోతుంది, తెలుసుగా."

"పక్కవాళ్ళంటే నువ్వే కదే."

"అందుకే వచ్చా. నాకొద్దు. లే."

గట్టు దిగారు. ఒండ్రు మెత్తగా ఉంది. బున్‌లా మొక్క పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాడు. ఎంత లోతు గుచ్చాలో అతనికి తెలియదు. ఇన్నాళ్ళూ నోటితో నాటిన పంటలో లోతు సంగతి రాలేదు.

"ఎంత లోతు?" అని అడిగాడు.

సెంగ్‌మణి వేలి కణుపు చూపించింది. వేళాకోళం చెయ్యలేదు. ఇద్దరూ పొద్దు వాలేదాకా నాటారు.

అతను మట్టి కాళ్ళతో మెట్లెక్కి వచ్చేసరికి పేకాట మొదలైంది. "ఏం మావా, నాటావట! పంటెలా ఉంది?" అన్నాడు పంచుతున్నవాడు. ఆ మాటకు అందరూ మొహాలెత్తారు. బున్‌లా మావ మళ్ళీ మొదలెడతాడని ముక్కలు చేతుల్లోనే పట్టుకుని కాచుక్కూర్చున్నారు. ఒకడైతే ముందే నవ్వేశాడు.

"నాటాం" అన్నాడు బున్‌లా. "కొన్ని బతికేలా ఉన్నాయి. కొన్ని వాలిపోయాయి."

తర్వాతి మాట కోసం చూశారు. అతను చెంబు తీసుకుని కాళ్ళు కడుక్కున్నాడు, వచ్చి తన చోట కూర్చున్నాడు. ఇంకా చూశారు. కాసేపటికి పంచేవాడు తల దించుకుని ముక్క వేశాడు.